తప్పిపోకుండా వెళ్ళి రావడం

"వేళాంగణికి పోవాలంటే ముందు నోరు మూసుకోనుండటం నేర్చుకోవాల మే," అంది ఎండుచేపలు అమ్మే సమాధానం. ఆ ముక్క చెప్పడానికి ఆమె అప్పటికే గంటసేపటి నుంచి నోరు మూయలేదు.

ఎండుచేపల గంప పక్కన దించి, బోగోలులో ఆసిమ్ పరుపుల కొట్టు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఏటా సెప్టెంబరు పండగకు చుట్టుపక్కల పల్లెల జనాన్ని వెంటేసుకుని వేళాంగణి మాత దగ్గరికి పోయి వచ్చే మనిషి ఆమె. తీసుకుపోయినవాళ్ళను తీసుకుపోయినట్టే మళ్ళీ తెచ్చి వాళ్ళ గడపలో దించుతుందని పేరు. ఆ పేరు ఆమెకు కొంచెం ఎక్కువగానే తెలుసు. తెలిస్తే తప్పేముంది, ఊరికే వచ్చిన పేరు కాదు గదా.

కొట్టులో కౌసర్ ముక్కుకు గుడ్డ కట్టుకుని బూరుగు దూదిని బెత్తంతో కొడుతోంది. దూది లేచి గాలిలో తేలి, కనుబొమల మీద, చెవుల మీద వాలుతోంది.

"మద్రాసులో దిగంగానే ఆటోవోడు పలకరిస్తాడు, పలకబాక. నాగపట్నంలో లాడ్జీవోడు వచ్చి సంచి పట్టుకుంటాడు, ఇయ్యబాక. గుడి పక్కనే రూమంటాడు, నమ్మబాక. ముందు పోయి చూడు, కొళాయి తిప్పు, నీళ్ళొస్తే అప్పుడు మాట్లాడు. చెప్పులు బయట ఇడవబాక, సంచిలో ఏసుకో. సముద్రం ఎదురుగ్గా ఉంది గదా అని దిగబాక. అది మన తుమ్మలపెంట సముద్రం కాదు, కాళ్ళ కింద ఇసక లాగేస్తది."

కౌసర్ బెత్తం ఆపింది. "మనుషులు తప్పిపోతా ఉంటారా అక్కా, ఆడ?"

"తప్పిపోకుండా ఎట్టుంటారు? సముద్రమంత జనం. అందుకే నా వాళ్ళందరికీ ముంజేతి మీద ఫోను నంబరు రాస్తా, తడిసినా పోని పెన్నుతో. అందరికీ ఒకే రంగు బట్టలు. ఇసకదారి కాడైతే చెయ్యి ఇడవనీను."

"ఇసకదారి ఏందక్కా?"

"మొక్కుకున్నోళ్ళు మోకాళ్ళ మీద నడిచేదానికి ఇసక పోసుంటారు. నడిచేవోళ్ళు కిందకే చూస్తారు, చూసేవోళ్ళూ వాళ్ళనే చూస్తారు. పక్కన ఎవురుండారో ఎవురికీ పట్టదు. మధ్యాన్నం పూజ అయిపోయి జనం బయటికొచ్చేటప్పుడు ఆడ చెయ్యి ఇడిస్తే కన్నబిడ్డ గూడా కనపడదు."

"తెలుగోళ్ళు బాగా వస్తారా?"

"పండగ మొదట్లో జెండా ఎక్కించేనాడు వస్తారు. మేమూ అప్పుడే గదా పోయేది. ఆఖరి రోజుల్లో అంతా అరవోళ్ళే." సమాధానం గంప నెత్తికెత్తుకోబోతూ ఆగింది. "మీ తమ్ముడు సాదిక్కును తీసకపోతా ఉండావా? మంచి పని మే. మా గుంపులో రాగూడదా, నేను చూసుకుంటా గదా వాణ్ణి."

"నాగూరు దర్గాకు గూడా పోవాలక్కా. ఇడిగా పోతాం, తర్వాత."

"నీ ఇష్టం. చెప్పినవన్నీ గుర్తుండాయా?"

"ఉండాయి," అంది కౌసర్.

నిజంగానే ఉన్నాయి. ఒక్కటి మరిచిపోలేదు. సమాధానం ఏది చెయ్యొద్దందో అది చెయ్యాలి, ఏది చెయ్యమందో అది చెయ్యకూడదు. ముంజేతి మీద నంబరు రాయకూడదు. ఒకే రంగు బట్టలు వెయ్యకూడదు. ఆఖరి రోజుల్లో వెళ్ళాలి. మధ్యాహ్నం పూజ వదిలే వేళకు ఇసుకదారి దగ్గర చెయ్యి వదలాలి. కౌసర్ తన తమ్ముణ్ణి వేళాంగణిలో వదిలేసి రావడానికి వెళుతోంది. చెప్పుకోవడానికి నోరు రాని పని గనక మొగుడు ఆసిమ్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.

కొట్టు వెనక గదిలో సాదిక్ బూరుగు దూదిలో నల్లగింజలు ఏరుతున్నాడు. కాలికి మంచం నవారు కట్టి, దాని రెండో కొస రాటకు ముడి వేశారు. చేతికి పనిచ్చినంతసేపు అతను బంగారం. దూదిని రెండు వేళ్ళతో విప్పడం, గింజను గిల్లి పక్కన వెయ్యడం, మళ్ళీ విప్పడం. ఆ చేతులు పట్టిన దూదిలో ఒక్క గింజ మిగిలేది కాదు. కావలి నుంచి కూడా సాదిక్ చేతి పరుపే కావాలని వచ్చేవాళ్ళు.

ఇప్పుడు అతను పరుపులు కుట్టడు. కుట్టినవాటిని కోస్తాడు. లోపల మనిషి ఉన్నాడనీ, ఊపిరి ఆడక కొట్టుకుంటున్నాడనీ అంటాడు. మొన్న పెళ్ళివాళ్ళు తీసుకుపోవాల్సిన జోడు పరుపులను బ్లేడుతో నిలువునా కోసి, దూదంతా వీధిలోకి ఎత్తిపోశాడు. దూది మధ్యలో కూర్చుని, "పో నాయనా, పో, తొందరగా పో," అని ఎవరినో సాగనంపుతూ ఏడ్చాడు.

ఆసిమ్ ఆ పరుపులనే మళ్ళీ కుడుతున్నాడు. దబ్బనం గుచ్చి, పురికొస లాగి, మోకాలితో అదిమి ముడి వేస్తున్నాడు.

"ఏమందా యమ్మ?"

"అంతా చెప్పింది."

"ఎప్పుడు పోతావు?"

కౌసర్ కొంగుకు అంటిన దూది దులుపుకుంది. ఆసిమ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు పని తేలికయ్యేది, నాలుగు తిట్టి తమ్ముడి పక్కన నిలబడేది. ఈ మనిషే సాదిక్‌ను కసుమూరు దర్గాలో ఉంచి తనూ పక్కనే పడుకున్నాడు. నెల్లూరు ఆసుపత్రికి తిప్పాడు. మాత్రలు చప్పరించి గోడ సందులో దాస్తుంటే వెతికి తీసి మళ్ళీ మింగించాడు. అనుమసముద్రంపేట దర్గాలో వదిలి వస్తే సాదిక్ నడుచుకుంటూ ఇల్లు చేరాడు. పాదాలు బొబ్బలెక్కిన తమ్ముణ్ణి గడపలో చూసి ఆ రోజు మొదట ఏడ్చింది ఆసిమే.

"రొయ్యల గుంటలోళ్ళు మళ్ళా వచ్చిపోయినారు," అన్నాడు తల ఎత్తకుండా. "నీ బామ్మర్ది ఇంకోసారి మా మోటార్ల కాడ కనపడితే చెప్పేదేం లేదు, గుంటలో తొక్కేస్తాం అన్నారు. అంటే అన్నారని కాదు మే, చేస్తారు. మొన్న కొట్టినప్పుడు నేను అడ్డం పడకుంటే ఆ రోజే అయిపోయుండేది."

గుంటలో నీళ్ళు చిలికే మోటార్లు ఆగితే రొయ్యలకు గాలి అందదు. సాదిక్ వాటిని ఆపింది ఆ రొద భరించలేక. నీళ్ళ కింద ఎవరో అరుస్తున్నారనీ, ఈ రొదలో వాళ్ళ అరుపు వినపడటం లేదనీ అన్నాడు. మనిషికి ఊపిరి అందాలని అతను చేసిన పని రొయ్యలకు ఊపిరి లేకుండా చేసింది. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు, గుంట యజమానికి తప్ప.

"ఆడైతే రోజూ అన్నం పెట్టేవోళ్ళుంటారు. ఎవురో ఒకరు చేరదీస్తారు," అన్నాడు ఆసిమ్. "ఈడుంటే చంపేస్తారు. దూరమన్నా బతికుంటాడు గదా." పురికొస పళ్ళతో తెంపాడు. అతని కళ్ళలో నీళ్ళు లేవు. అవి ఎప్పుడో అయిపోయాయి.

బయలుదేరే ముందు రోజు కౌసర్ తమ్ముడి చొక్కాలు రెండూ ముందేసుకుని కూర్చుంది. కాలరు లోపల కావలి దర్జీ గుడ్డముక్క కుట్టి ఉంది. దాని మీద ఊరి పేరు ఉంది. పుట్టినప్పటి నుంచి కుట్టడమే తెలిసిన చేతులకు విప్పడం ఎందుకు రాదు? ఒక్కొక్క కుట్టే బ్లేడుతో తెంచింది. రెండో చొక్కా దగ్గర బ్లేడు జారి ఎడమ చేతి బొటనవేలు తెగింది.

రక్తం చూసి సాదిక్ లేచాడు. కాలికి నవారు అడ్డం వచ్చి ముందుకు పడ్డాడు. పాక్కుంటూ వచ్చి, తన తువ్వాలు అంచు చించి, ఆమె వేలికి చుట్టి, పరుపు మూతి కట్టినట్టు బిగించి ముడి వేశాడు.

"చూసుకోనక్కర్లా అక్కా?" అన్నాడు.

ఆమెకు అప్పుడే చచ్చిపోవాలనిపించింది.

రైల్లో సాదిక్ కిటికీ పక్కన కూర్చున్నాడు. నాయుడుపేట దాటాక పొలాల్లో కొంగలను చూసి నవ్వాడు. కాలికి కట్టు లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరు పక్కన కూర్చున్నా జరిగి చోటిచ్చాడు. ఎదుటి సీటు పెద్దాయన "మీ తమ్ముడు శానా నెమ్మదస్తుడమ్మా" అన్నాడు. కౌసర్ తల ఊపింది. నెమ్మదస్తుడు కాకపోతే బాగుండును, ఈ ఒక్క రోజన్నా అరిచి, గోల చేసి, నలుగురి చేత తిట్లు తినుంటే బాగుండును అనుకుంది. వీడికి అదీ తెలియదు.

మద్రాసులో ఆటోవాడు పలకరించాడు. కౌసర్ పలకలేదు. ఇది తప్పిపోవడానికి సంబంధం లేని సలహా కాబట్టి పాటించింది. రాత్రి బండిలో నాగపట్నం చేరారు. నాగూరు ఆ పక్కనే. దర్గాకు వెళ్ళి ఫాతిహా ఇప్పించాలనుకుంది గానీ కాళ్ళు ఆ దారిన పడలేదు. ఆ దేవుడి ముందు ఏమని చెయ్యి చాపుతుంది? తిన్నగా వేళాంగణి బస్సెక్కింది.

సమాధానం చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కాషాయం బట్టలతో కాలినడకన వచ్చిన గుంపులు, గుండ్లు కొట్టించుకుని చందనం పూసుకున్న పిల్లలు, కొబ్బరి మొక్కలు చంకన పెట్టుకున్న ఆడవాళ్ళు. అంగళ్ళలో రేకు కళ్ళు, రేకు కాళ్ళు, రేకు గుండెకాయలు వేలాడుతున్నాయి. ఎవరికి ఏది బాగులేకపోతే అది కొని మాతకు ఇస్తారు. సాదిక్ ఒక్కొక్క దాన్నీ వేలితో తాకి చూశాడు.

"తలకాయ లేదే," అన్నాడు.

"ఏంరా?"

"నాకు బాగాలేంది తలకాయ గదా అక్కా. అందుకే గదా తీసకొచ్చినావు."

ఆమె అతని రెక్క పట్టుకుని ముందుకు లాక్కుపోయింది. నిలబడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. స్తంభాల మీది మైకుల్లోంచి అరవం, మలయాళం, మధ్య మధ్య తెలుగు ఆగకుండా వస్తోంది. ఎవరి పర్సో దొరికింది, ఎవరి పాపో ఏడుస్తోంది, ఎవరి ముసలమ్మో ఫలానా చోట కూర్చుని ఉంది. మైకులో ఇంత తెలుగు ఉంటుందని సమాధానం చెప్పలేదు. అయినా పేరూ ఊరూ చెప్పేంత తెలివి వీడికి ఏడ్చిందా అనుకుని గుండె రాయి చేసుకుంది.

ఇసుకదారి పక్కన తడికె పందిరి నీడ ఉంది. అక్కడ కూర్చోబెట్టింది. మోకాళ్ళ మీద ఒక ముసలాయన కొవ్వొత్తి పట్టుకుని, ఒక్కో అడుగుకూ పళ్ళు బిగబట్టి నడుస్తున్నాడు. సంచిలోంచి బూరుగు దూది మూట తీసి సాదిక్ ముందు పెట్టింది. సాయంత్రం దాకా సరిపోయేంత దూది. ఇంటి దగ్గర తూచినంత పని చేసి కూరింది.

"గింజలు ఏరతా ఉండు. ఇది అయిపోయేలోపల వచ్చేస్తా."

"యాడికి?"

"అన్నం పొట్లాలు తెస్తా."

"జనం శానా ఉండారు. నేనూ వస్తా."

"వద్దురా. చోటు పోతది. ఈడే కూర్చో."

అతను కూర్చున్నాడు. దూది విప్పి మొదటి గింజ గిల్లాడు. పూజ ముగిసింది. పెద్దగేటులోంచి జనం కట్ట తెగినట్టు వచ్చి పడ్డారు. కౌసర్ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. తమ్ముడు కనపడలేదు. అందరి నడుములూ, సంచులూ, పూలూ. కన్నబిడ్డ గూడా కనపడదు అని సమాధానం చెప్పిన మాట అక్షరాలా నిజమైంది.

బస్టాండుకు ఎలా వచ్చిందో తెలియదు. నాగపట్నం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు నిండేదాకా కదలదు. ఫోను మోగింది, ఆసిమ్. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఎత్తలేదు. పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. ఒంగోలు నుంచి వచ్చిందట, పలకరించింది. కౌసర్ అరవమనిషిలా అర్థం కానట్టు చూసి బయటికి తిరిగింది. సంచిలోంచి సీసా తీసింది. నీళ్ళు తాగింది.

స్తంభం మీద మైకు ఇక్కడికీ వినపడుతోంది. అరవంలో ఏదో చెప్పి, అరవయాస తెలుగులోకి వచ్చింది.

"దయచేసి వినండి. ఒక ఆవిడ తప్పిపోయింది. పేరు కౌసర్. నెల్లూరు జిల్లా, బోగోలు."

కౌసర్ చేతిలోంచి నీళ్ళసీసా జారింది.

"ఆకుపచ్చ చీర. ఎడమచేతి బొటనవేలికి గుడ్డకట్టు. ఈమెకు జనమంటే భయం. అరవం రాదు. దారి తెలియదు. ఎవరికన్నా కనపడితే కోప్పడకుండా చెయ్యి పట్టుకుని జెండా స్తంభం పక్కన మైకు గదికి తీసుకురండి. ఈమె తమ్ముడు కాచుకుని ఉన్నాడు."

ఒంగోలు ఆవిడ "పాపం, ఎవరో" అంది. కౌసర్ బొటనవేలును కొంగులో చుట్టేసింది. గట్టిగా, నొప్పి పుట్టేటంత గట్టిగా. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. ఇంకొక్క నిమిషం. ఇక్కడ తను ఎవరో ఎవరికీ తెలియదు. బస్సు కదిలితే చాలు, మైకు వెనకపడిపోతుంది, వాడిని ఎవరో చేరదీస్తారు, వాడు బతుకుతాడు, గుంటవాళ్ళు వాడిని తొక్కరు, ఆసిమ్ మళ్ళీ పరుపులు కుట్టుకుంటాడు. అన్నీ న్యాయమైన మాటలే.

మైకులో ఏదో పెనుగులాట. ఎవరో "వద్దు తంబీ, మేం చెప్తాం" అంటున్నారు. తర్వాత సాదిక్ గొంతు. మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నట్టున్నాడు, ఊపిరి కూడా వినపడుతోంది.

"అక్కా. భయపడబాక. యాడున్నావో ఆడనే ఉండు, నేను వీళ్ళని పంపిస్తా. నేను యాడికీ పోను. నువ్వు వచ్చిందాకా ఈడే ఉంటా."

బస్సు కదిలింది. కౌసర్ లేచి నిలబడి ఒక్క కేక పెట్టింది. ఏమని అరిచిందో ఆమెకూ తెలియదు. కండక్టరు తిట్టాడు. ఒంగోలు ఆవిడ కాళ్ళు తొక్కి, సంచి తగిలించుకుని, ఆగీ ఆగని బస్సులోంచి దిగింది.

ఇప్పుడు జనమంతా ఎదురు వస్తున్నారు. జెండా స్తంభం ఏ వైపో తెలియదు. అడిగితే అరవంలో చెబుతున్నారు, చెయ్యి చూపించిన వైపు పోతే అంగళ్ళు వస్తున్నాయి, అంగళ్ళు దాటితే సముద్రం వస్తోంది. రేకు కాళ్ళూ రేకు కళ్ళూ మళ్ళీ కనపడ్డాయి. ఒకే అంగడా, వేరే అంగడా? ఏడుపు వచ్చేసింది. నడివీధిలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

మెడలో పసుపు పట్టీ వేసుకున్న ఒక కార్యకర్త, నడివయసు ఆడమనిషి, ఆమె వేలి కట్టు చూసింది. చీర చూసింది. "కౌసరా?" అంది. కౌసర్ తల ఊపింది. ఆ మనిషి కోప్పడలేదు. చెయ్యి పట్టుకుని, జనాన్ని భుజంతో తోసుకుంటూ తీసుకుపోయింది.

మైకు గది గుమ్మంలో సాదిక్ నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా దూదిపింజలు. మూట విప్పింది విప్పినట్టే పక్కన ఉంది, ఏరిన గింజలు గుప్పెడు కూడా లేవు. పని సగంలో వదిలి లేవడం అతని ఒంట్లో లేని అలవాటు.

"గింజలేరతా కూర్చున్నాడట. కొంతసేపటికే లేచి వచ్చాడు," అన్నాడు లోపల ఉన్న పెద్దాయన, అరవం కలిసిన తెలుగులో. "మా అక్క ఒకతే ఈ జనంలో పోయింది, ఆమెకు ఊపిరి ఆడదు అని ఒకటే గొడవ. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, వేలి కట్టు కూడా చెప్పాడు. ఒకచోట కూర్చోడు, నీళ్ళు తాగడు." సాదిక్ వైపు తిరిగాడు. "తంబీ, అక్కను జాగ్రత్తగా ఇంటికి తీసుకుపో."

సాదిక్ ఆ మాటను గట్టిగా విన్నాడు. తల ఊపాడు. ఎన్నాళ్ళ తర్వాతో అతనికి ఒకరు ఒక మనిషిని అప్పజెప్పారు.

ఇద్దరూ బయటికి వచ్చారు. ఫోను మోగింది. ఈసారి ఎత్తింది.

"అయిందా?" అన్నాడు ఆసిమ్.

"లేదు. ఇద్దరం వస్తా ఉండాం."

తిడతాడనుకుంది. తిడితే పడాలనుకుంది.

"గుంటలోళ్ళు ఈ పొద్దు గూడా వచ్చినారు మే," అన్నాడు. అతని గొంతు అరిగిపోయినట్టు ఉంది. "ఏం చేద్దాం?"

"నాకు తెలీదయ్యా. వచ్చినాక చూద్దాం. నేను వాడి పక్కన నిలబడతా, అంతే."

"నిన్నట్నించి ముద్ద దిగలా నాకు," అన్నాడు ఆసిమ్. "ఏ బండికొస్తారో చెప్పు."

ఫోను పెట్టేసి చూస్తే సాదిక్ ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు పట్టుకున్నాడో తెలియలేదు. జనం మధ్యలోంచి దారి చేస్తూ ముందు అతనే నడుస్తున్నాడు, ఎవరైనా తగిలితే ఆమెకు అడ్డం వస్తున్నాడు. బస్టాండు కనపడ్డాక ఆగి, ఆమె ముఖంలోకి చూశాడు. అతనికి నిజంగా కోపం వచ్చింది.

"ఇంకెప్పుడూ ఇట్టా చెయ్యబాకక్కా. శానా భయమేసింది నాకు."

"చెయ్యన్రా," అంది కౌసర్.